రేకు పొయ్యికి ఏ కట్టె మంచిది?

ఇంట్లో గ్యాసు ఉన్నా ఆరుబయట కట్టెల మీద వండుకోక తప్పనివారు మన ప్రాంతంలో ఇంకా చాలామంది ఉన్నారు. రెడ్డిగూడెం, విస్సన్నపేట, మైలవరం వైపు మామిడి తోటలకు కాపలా ఉండేవారు కాయ దిగేవరకు తోటలోనే వండుకుంటారు. పత్తి తీతకు, మిరప కోతకు ఊళ్ళు దాటి వచ్చే కూలీ కుటుంబాలు చేలగట్ల మీద డేరాలు వేసుకుని వారాల తరబడి ఉంటాయి. గొర్రెలు తోలుకుపోయేవారి సంగతి సరేసరి. పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు, ఫిబ్రవరిలో గుణదల ఉత్సవాలకు వెళ్ళేవారిలోనూ పొయ్యి వెంట తీసుకుపోయేవారున్నారు. మా ఆస్పత్రి ఆవరణలో చెట్ల కింద సంగతి మీరు చూసిందే. వార్డులో రోగి ఉంటే, బయట ఆ రోగికి జావ కాచే పొయ్యి ఒకటి ఉంటుంది.

పూర్వం ఇలాంటి చోట్ల మూడు రాళ్ళు పెట్టుకునేవారు. ఇప్పుడు చాలామంది దగ్గర చేత్తో పట్టుకుపోయే చిన్న రేకు పొయ్యి ఉంటోంది. కొందరు బజారులో కొంటారు, కొందరు పాత డబ్బాను కోయించి చేయించుకుంటారు. మూడు రాళ్ళ పొయ్యి కంటే ఇది మేలే. గాలికి మంట చెదరదు, కట్టె తక్కువ పడుతుంది. అయితే "పొగ రాదన్నారమ్మా, వస్తూనే ఉంది" అని పొయ్యి కొన్నవారు మాతో అంటుంటారు. మేము చూసినంతవరకు చాలాసార్లు లోపం పొయ్యిలో లేదు, అందులో పెట్టే కట్టెలో ఉంది.

పొగ అంటే ఏమిటో ముందు తెలుసుకుందాం. కట్టె వేడెక్కినప్పుడు దానిలోంచి ఆవిరులు, వాయువులు బయటికి వస్తాయి. వేడి, గాలి చాలినంత ఉంటే అవి మంటగా మండిపోతాయి. చాలకపోతే మండకుండానే పైకి లేస్తాయి. అదే పొగ. అంటే పొగ రూపంలో పోయేది మీరు మోసుకొచ్చిన కట్టెలోని భాగమే. పెద్ద పొయ్యిలో నిప్పుల రాశి ఉంటుంది కాబట్టి ఒక పచ్చి కట్టె పడినా తట్టుకుంటుంది. రేకు పొయ్యి కడుపు చిన్నది. దానిలో ఒక్క తడి కట్టె పడితే చాలు, మొత్తం చల్లబడి పొగ చిమ్ముతుంది. అందువల్ల పొయ్యి ఎంత చిన్నదైతే కట్టె విషయంలో అంత పట్టింపు ఉండాలి.

మొదట చూడవలసింది ఏ చెట్టు అని కాదు, ఎంత ఎండింది అని. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో ఇంచుమించు సగం నీరే. కిలో పచ్చి కట్టె పొయ్యిలో పెడితే దానిలోని అర లీటరు నీటిని ఆవిరి చేయడానికే సుమారు 300 కిలో కేలరీల వేడి ఖర్చవుతుంది. అంత వేడి గిన్నెకు చేరితే నాలుగు లీటర్ల నీళ్ళకు మరుగు పట్టించవచ్చు. వంటకు రావలసిన వేడి అలా పోవడం ఒక నష్టమైతే, మంట చల్లబడి పొగ పెరగడం అంతకంటే పెద్ద నష్టం. బాగా ఎండిన కట్టెలో నీరు బరువులో ఐదో వంతుకు మించదు.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు అవసరం లేదు. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. ఎండినవి టకటకమని మోగుతాయి, పచ్చివి మొద్దుగా పలుకుతాయి. ఎండిన కట్టె చివర బీటలు కనిపిస్తాయి, బెరడు గోటితో లాగితే ఊడివస్తుంది, చేతికి తేలికగా ఉంటుంది. పుల్ల అయితే వంచగానే ఫట్‌మని విరగాలి, వంగి నారలు సాగకూడదు. మండేటప్పుడు చివరి నుంచి బుసబుసమని నురగ వస్తోందంటే అది ఇంకా పొయ్యికి సిద్ధం కాలేదన్నమాట. ఎండలు బాగా ఉన్న ఏప్రిల్, మే నెలల్లో చీల్చి పెట్టుకున్న పేళ్ళను పైన రేకో పట్టానో కప్పి, కింద రెండు రాళ్ళు పెట్టి నిల్వ చేస్తే వానాకాలానికి అక్కరకొస్తాయి. పక్కలు మూయకండి, గాలి ఆడాలి.

తర్వాతది లావు. రేకు పొయ్యికి బొటనవేలు లావు, జానెడు పొడవు ఉన్న ముక్కలు సరిపోతాయి. చేతి మణికట్టంత కట్టెను పొయ్యి నోట్లో కుక్కితే గాలి దారి మూసుకుపోతుంది. పొడుగు కట్టెలు పెట్టి పొయ్యి ఒరిగిపోయి గంజి కాళ్ళ మీద పడిన తల్లులకు మేము ఎన్నోసార్లు కట్లు కట్టాము. కాబట్టి పొయ్యితోపాటు చిన్న కత్తి కూడా వెంట ఉంచుకోండి. మూడు నాలుగు పుల్లల కొసలు మాత్రమే మండేలా పెట్టి, కాలేకొద్దీ లోపలికి జరుపుతూ ఉంటే మంట నిలకడగా ఉంటుంది. ఒకేసారి నింపేసి వేరే పనికి పోతే పొగే మిగులుతుంది.

ఇక మన దగ్గర దొరికే కట్టెల సంగతి.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో సుబాబుల్ తోటలు విస్తారంగా ఉన్నాయి. మొద్దులు కాగితం మిల్లులకు పోగా కొమ్మలు, చివర్లు మిగులుతాయి. ఇవి సరిగ్గా రేకు పొయ్యికి కావలసిన లావులో ఉంటాయి. బాగా ఎండితే చక్కగా మండుతాయి. దగ్గర్లో సుబాబుల్ తోట ఉన్నవారు వేరే కట్టె వెతకనక్కరలేదని మా అభిప్రాయం. సరుగుడు కూడా ఎంతో మంచిది, కానీ అది మెట్ట ప్రాంతంలో అంతగా దొరకదు. జామాయిలు కట్టె మండుతుంది గాని, ఆకులతో సహా వేస్తే వాటిలోని నూనె వల్ల మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. ఆకులు దులిపి వాడండి.

తుమ్మ, సర్కారు తుమ్మ గట్టి కట్టెలు. నిప్పు చాలాసేపు నిలుస్తుంది. పప్పు ఉడకాలన్నా, పాలు కాగాలన్నా ఇవే మేలు. అయితే సర్కారు తుమ్మ ముల్లు చిన్న విషయం కాదు. గుచ్చుకున్న ముల్లు లోపలే విరిగి, వారం తర్వాత కాలు వాచి వచ్చేవారిని ప్రతి సంవత్సరం చూస్తున్నాము. షుగరు ఉన్నవారు ఈ కట్టె కొట్టే పని పెట్టుకోవద్దు. మిగతావారు చెప్పులు లేకుండా వెళ్ళవద్దు. ముల్లు దిగితే ధనుర్వాతం ఇంజెక్షను సంగతి అడిగి తెలుసుకోండి.

పత్తికట్టె, కందికంప చిదుగులుగా చాలా బాగుంటాయి. సన్నగా ఉంటాయి, త్వరగా అంటుకుంటాయి, టీకో అన్నానికో సరిపోతాయి. కంది పుల్లలో ఏ ఇబ్బందీ లేదు. పత్తికట్టెతో రెండు చిక్కులు ఉన్నాయి. పత్తి మీద ఎన్నిసార్లు మందు కొడతారో రైతులకు మేము చెప్పనక్కరలేదు. చివరి మందు కొట్టిన వెంటనే పీకిన కట్టెను పొయ్యిలో పెట్టకండి. కొన్ని వారాలు ఎండి, ఆకులు, ఎండుకాయలు పూర్తిగా రాలాక వాడండి. రెండోది, పత్తికట్టెను ఏడాది పొడవునా ఇంటి పక్కన వామిలాగా నిల్వ పెట్టడం. కట్టెకు మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి ఉండి వచ్చే పంటకు చేరుతుందని వ్యవసాయ శాఖవారు చెబుతూనే ఉన్నారు. అవసరమైనంత ఉంచుకుని మిగతాది తీసివేయడం మంచిది.

మిరప కట్టె మాత్రం వద్దు. కట్టెకు అంటిన ఒక్క ఎండుకాయ మంటలో పడినా చుట్టూ ఉన్నవారంతా దగ్గుతారు. పక్కన ఉబ్బసం ఉన్న పిల్లవాడో ముసలమ్మో ఉంటే ఆ దగ్గు ఆస్పత్రిదాకా తీసుకువస్తుంది. మిరప కోతకు వచ్చిన కూలీలకు చేలో సులభంగా దొరికేది ఇదే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాము. చేను యజమానులు నాలుగు మోపుల తుమ్మ కట్టె వారికి ఇప్పిస్తే పెద్ద ఖర్చేమీ కాదు.

గింజ ఒలిచిన మొక్కజొన్న బెండ్లను మనవారు అంతగా లెక్కచేయరు. ఎండిన బెండు రేకు పొయ్యికి కొలిచి చేసినట్టు ఉంటుంది. కొట్టే పని లేదు, ముల్లు లేదు, గోనెసంచిలో వేసుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. ఎండిన కొబ్బరి చిప్ప ముక్కలు కూడా ఇలాంటివే, కాకపోతే మంట జోరుగా ఉంటుంది కాబట్టి ఒక్కొక్కటే వేయాలి. తాటి మట్టలు, తాటాకులు పొయ్యి అంటించడానికి పనికివస్తాయి, వంట పూర్తి చేయడానికి నిలవవు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కట్టె ముక్క ఎక్కడైనా దొరికినా అంతే. తేలిక కట్టె, వెంటనే కాలిపోతుంది. అది బొమ్మలకే అందం.

మామిడి తోటలో ఉన్నవారు మామిడి కొమ్మలే వాడతారు, అది సహజం. పచ్చి కొమ్మలు మాత్రం వాడకండి. మామిడి జీడి తగిలితే చర్మం పొక్కుతుందని కాయ కోసే ప్రతివారికీ తెలుసు. ఆ రసం కొమ్మల్లోనూ ఉంటుంది. కొమ్మలు నరికాక కనీసం ఒక ఎండాకాలం ఎండనివ్వాలి. జీడిమామిడి గింజల పెంకులను ఎప్పుడూ పొయ్యిలో వేయవద్దు. వాటిలోని నూనె, దాని ఆవిరి కళ్ళను, చర్మాన్ని దెబ్బతీస్తాయి.

పిడకలు నెమ్మదిగా కాలుతాయి, పాలు కాచడానికి అలవాటైనవే. కానీ బూడిద ఎక్కువ, పొగ మరీ ఎక్కువ. చిన్న పొయ్యి అడుగు గంటలోనే బూడిదతో నిండి గాలి ఆగిపోతుంది. చెన్నై శ్రీ రామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో 420 గ్రామీణ ఇళ్ళలో గాలిని కొలిచి 2004లో ఫలితాలు ప్రకటించింది. గ్యాసు మీద వండే ఇళ్ళలో రోజంతా సగటు తీస్తే ఘనపు మీటరు గాలిలో సన్నని ధూళి 73 మైక్రోగ్రాములు ఉండగా, కట్టె, పిడకలు వాడే ఇళ్ళలో అది 732 వరకు వెళ్ళింది. పది రెట్లన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఇళ్ళలోని ఇలాంటి పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది మరణించారు. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా ఐదేళ్ళలోపు పిల్లలు. జన్మలో చుట్ట ముట్టని మన పెద్దమ్మలకు పొగతాగేవారి ఊపిరితిత్తుల జబ్బు ఎందుకు వస్తుందో దీనివల్ల అర్థం చేసుకోవచ్చు.

కట్టె దొరకనప్పుడు చేతికందినదల్లా వేసేస్తారు. పాల ప్యాకెట్లు, సైకిలు ట్యూబు ముక్కలు, పురుగుమందు డబ్బాలు, ఎరువుల సంచులు, రంగు వేసిన పాత తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు ఏవీ వంట పొయ్యిలోకి రాకూడదు. పాత రంగుల్లో సీసం ఉండేది, ప్లైవుడ్‌లో జిగురు ఉంటుంది, ప్లాస్టిక్ పొగలో ఉండే విషాలు ఒకటి రెండు కావు. గన్నేరు కర్ర కూడా వద్దు. దాని చెట్టంతా విషమే. జిల్లేడు, జెముడు కొట్టేటప్పుడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పడితే నలపకుండా వెంటనే ధారగా నీళ్ళు పోసి కడిగి ఆస్పత్రికి రండి.

వెలిగించడానికి కిరోసిను, పెట్రోలు పోయడం కొందరికి అలవాటు. మంట తగ్గిందని నిప్పు మీద మళ్ళీ పోస్తే సీసాలోకే మంట పాకుతుంది. రెండు ఎండు కొబ్బరి పీచులు, గుప్పెడు కంది పుల్లలు ఉంటే ఏ నూనె అవసరం లేదు. పైనుంచి నింపే డబ్బా పొయ్యి అయితే పుల్లలు నింపి పైనే అంటించాలి. మంట పైనుంచి కిందికి దిగుతుంది, కింది నుంచి వచ్చే వాయువులు ఆ మంటలోనే కాలిపోతాయి. ముందు నోరున్న పొయ్యికి ఈ పద్ధతి పనికిరాదు. వండేటప్పుడు నైలాను చీర కొంగు బొడ్లో దోపుకోండి. కాలితే 20 నిమిషాలు మామూలు నీళ్ళు ధారగా పోయండి. ఇంకు, టూత్‌పేస్టు, కోడిగుడ్డు పూయవద్దు. కాలిన చోటు పెద్దదైతే 108కి ఫోను చేయండి.

ఇప్పుడు చెప్పబోయేది అన్నింటికంటే ముఖ్యమైనది. దయచేసి ఇంట్లో చదువురానివారికి కూడా చదివి వినిపించండి.

పొగ రాని నిప్పు ప్రమాదం లేని నిప్పు కాదు. బొగ్గులు, కట్టె కాలాక మిగిలిన నిప్పుకణికలు పొగ ఇవ్వవు కాబట్టి చలికాలం రాత్రుళ్ళు డేరా లోపలికి, గుడిసె లోపలికి పొయ్యిని తెచ్చుకుని వెచ్చదనం కోసం పెట్టుకుంటారు. బాలింత గదిలో తలుపులు బిగించి కుంపటి పెట్టే అలవాటు కూడా మనలో ఉంది. ఆ ఎర్రటి నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి, తర్వాత మగత. నిద్రలో ఉన్నవారికి ఈ గుర్తులేవీ తెలియవు, మగత నుంచి నేరుగా స్పృహ తప్పుతుంది. గర్భిణికి ఎంత హాని జరుగుతుందో కడుపులో బిడ్డకు అంతకంటే ఎక్కువ జరుగుతుంది. పురిటి బిడ్డ సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇంకొక సంగతి. కోవిడ్ తర్వాత చాలా ఇళ్ళలో వేలికి పెట్టే ఆక్సిమీటరు ఉంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టినవారికి దాన్ని పెడితే 98 అని చూపించవచ్చు. ఆ యంత్రానికి రెండింటికీ తేడా తెలియదు. అంకె బాగుందని ఇంట్లో ఉంచుకోకండి. ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు అయితే అనుమానించండి. ముందు తలుపు తెరిచి అందరినీ బయటి గాలిలోకి తీసుకురండి, తర్వాత 108. వచ్చాక డాక్టరుగారితో "గదిలో నిప్పులు ఉన్నాయి" అని తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం మారుతుంది. మామూలు గాలిలో ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, మాస్కుతో పూర్తి ప్రాణవాయువు ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. చలి నుంచి కాపాడటానికి బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, తలకు టోపీ పెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. కుంపటి కంటే అదే వెచ్చన.

వాన వచ్చినా పొయ్యి డేరా బయటే ఉండాలి. నాలుగు కర్రల మీద ఒక రేకు వేసి పక్కలు వదిలేస్తే చాలు. వీచే గాలికి పొయ్యి నోరు చూపించి, వండేవారు పక్కగా కూర్చోవాలి. చంకలో బిడ్డతో వండవద్దు.

కొత్తగా పొయ్యి కొనబోయేవారికి ఒక మాట. 2006లో బ్రిటిష్ పెట్రోలియం సంస్థ, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారి నమూనాతో ఊర్జా అనే ఫ్యాను పొయ్యిని తెచ్చింది. వ్యవసాయ వ్యర్థాలతో చేసిన గుళికలు దానికి ఇంధనం. లక్షల్లో అమ్ముడైంది. తర్వాత గుళికల ధర పెరిగి, సరఫరా తగ్గి, చాలా ఇళ్ళలో మూలకు చేరింది. మంచి పొయ్యే, కానీ దాని మేత మన చేలో దొరికేది కాదు. మన పెద్దల పొట్టు పొయ్యిని దీనితో పోల్చి చూడండి. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దిమ్మించి, సీసా లాగేస్తే ఏర్పడే గొట్టంలో మంట గంటల తరబడి ఉండేది. పొట్టు పొడిగా ఉండి, గట్టిగా దిమ్మిస్తేనే అది మండేది. మీ చుట్టూ ఏది దొరుకుతుందో చూసుకుని దానికి తగిన పొయ్యి కొనండి. ఒకేచోట నెలల తరబడి ఉండేవారు మాత్రం 5 కిలోల చిన్న గ్యాసు సిలిండరు గురించి ఏజెన్సీలో అడగండి. ఎంత మంచి కట్టె అయినా గ్యాసుకు సాటిరాదు.

కట్టెల మోపును పడకకు దూరంగా, నేలకు ఎత్తుగా పెట్టుకోండి. తేళ్ళు, కట్లపాములు మోపుల్లో చేరతాయి. కట్లపాము కాటు రాత్రిపూట నిద్రలో పడుతుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు. చీకట్లో కట్టె తీయవలసివస్తే టార్చి వేసి, ముందు కర్రతో మోపును కదిలించి తీయండి. వంట అయ్యాక నిప్పుల మీద నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోయండి. మే నెలలో మామిడి తోటలో ఎండుగడ్డి అంటుకోవడానికి ఒక్క కణిక చాలు. మా ఆవరణలో వండుకునేవారు బూడిదను నీళ్ళ ట్యాంకు వెనుక ఉన్న గుంటలో వేయాలి, చెట్ల మొదళ్ళలో వేయకూడదు. అక్కడ చెప్పులు లేకుండా తిరిగే పిల్లలు ఎప్పుడూ ఉంటారు.